హంసపాదు

సారెమా దీవిలో జూన్ రాత్రికి
చీకటి అప్పుకైనా పుట్టదు.
పదకొండు దాటినా ఆకాశం
బియ్యం కడిగిన నీళ్ల రంగులోనే ఉంటుంది.
అందుకే హెల్వే
పూలను బంగాళాదుంపల నేలమాళిగలోకి దించుతుంది.
కోసి కాదు, మట్టిపెళ్లతో సహా,
నిద్రపోయే పసిదాన్ని పక్క మార్చినట్టు.

అది రాత్రి పని. పగటి పని బయట.
ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసిన చేతులు.
"ఊపిరి బిగబట్టు" అంటుంది పువ్వుతో, అలవాటు చొప్పున.
పువ్వు వినదు. గాలి అసలే వినదు.
గొడుగు అడ్డం పట్టి నేను గడ్డిలో మోకాళ్ల మీద:
ఎనిమిది సెకన్లు, పన్నెండు, మళ్లీ ఎనిమిది.
ఏ ఫిల్టరూ లేకుండానే
దోమలు నన్ను స్పష్టంగా చూస్తున్నాయి.

ముందు పరారుణం.
పచ్చిక బయలంతా మంచు కురిసి వచ్చింది తెర మీద,
జూనిపర్ పొదలు పిండిలో దొర్లి లేచాయి,
పైన ఆకాశం మసి.
ఒక మూల నా నల్ల కోటు తెల్లబోయింది.
నేనూ.

తర్వాత అద్దం మార్చింది.
పాత ఎన్లార్జరు నుంచి ఊడదీసిన కటకం,
దాని ముందు మన కంటికి ఉత్త నలుపైన ఫిల్టరు.
గొర్రెలు తొక్కే ఒడ్డుదారిలో
నేలబారుగా పాకే పసుపు పువ్వు,
ఐదు రేకులు, ఎవరూ గాజుగ్లాసులో పెట్టుకోనిది.
కంటికి అంచు నుంచి నడుమ దాకా
ఒకే కొమ్ము అరగదీసిన పసుపు.
కెమెరాలో అది వేరే పువ్వు:
అంచులు వెలుగుతున్నాయి,
నడుమ బావి నోరంత నలుపు.

హెల్వే చాలాసేపు మాట్లాడలేదు.
"ఎండెల్ చెప్పిందే" అంది.

ఎండెల్ ఆమె అన్న. పడవ ఇంజన్ల మెకానిక్.
డెబ్బై నాలుగులో ఇనుప రవ్వ ఎగిరి తగిలితే
ఎడమ కంటి కటకం తీసేశారు.
బదులు ఏదీ పెట్టలేదు,
పెట్టడానికి ఆ రోజుల్లో ఏదీ లేదు.
కుడి కన్ను అరచేత్తో మూసుకుని
ఈ పూల ముందు గొంతుక్కూర్చునేవాడట.
"అంచుల మీద పాలనీలం పొగ. నడుమ లేదు.
మీకు కనబడదా?"

కనబడలేదు.
పండుగ బల్ల దగ్గర అదొక పాత జోకైంది.
సీసాలో ఎంత మిగిలిందో చూసి
"ఎండెల్ పొగకు ఇంకా టైముంది" అనేవాళ్లు.
అందరికన్నా గట్టిగా నవ్వింది తనేనట,
కనబడని కిరణాలతోనే జీతం తీసుకున్న మనిషి.
కొన్నాళ్లకు అతను చెప్పడం మానేశాడు.
చూడటం కూడా మానాడా అని
ఎవరూ అడగలేదు.
ఇక అడగడానికి అతను లేడు.

నేలమాళిగలో దీపం ఆర్పాం.
కిందటేటి దుంపల వాసన, చెమ్మ ఇటుక.
ఊదా టార్చి పడగానే
ఆకులు కణికల్లా ఎర్రబడ్డాయి.
పచ్చదనం ఇంత ఎరుపును
ఏ మడతలో దాచుకుందో!
పుప్పొడి రేణువు రేణువూ మిణుకుమంది.
"ఇది తేనెటీగ చూసేది కాదు,
గిల్లితే వచ్చిన కేక" అంది హెల్వే.
దారి తప్పిన చీమ ఒకటి
ఆ మంటల మీదుగా తాపీగా నడిచిపోయింది.

పువ్వు పేరడిగాను.
"హనియల్గ్. పెద్దబాతు పాదం."
నేను ప్రూఫులు దిద్ది బతికినవాణ్ణి.
రాసేవాడు పరాకున వదిలేసిన మాట కోసం
అక్షరాల మధ్య గొడుగులాంటి గీత పెట్టి
పైన ఆ మాట ఇరికిస్తాం.
మా భాషలో దాని పేరూ ఇంచుమించు ఇదే.
మట్టివేలితో నా అరచేతిలో గీసి చూపించాను.

ఆమె తన నోటుబుక్కు తీసింది.
పువ్వు, గాలి, పన్నెండు సెకన్లు, కటకం.
కటకం పక్కన ఆ గీత గీసి,
పెన్సిలు కొరుకుతూ ఆగి,
పైన చిన్న అక్షరాలతో రాసింది:
ఎండెల్, ఎడమ కన్ను.

బయటికొచ్చాను. ఇంకా చీకటి పడలేదు.
ఎవరూ చూడకుండా కుడి కన్ను మూసుకుని
దారి పక్కన గొంతుక్కూర్చున్నాను.

పసుపు.
ఉత్త పసుపు.